పాత కారు కొనే ముందు సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి

హనుమకొండలో గానీ వరంగల్‌లో గానీ పాత కారు కొనదలచినవారు బేరమాడడానికి వెచ్చించే సమయంలో సగమైనా, ఆ కారు ఎప్పుడైనా నీట మునిగిందా అన్నది తేల్చుకోవడానికి వెచ్చించాలి. 2020 ఆగస్టులోనూ 2023 జూలైలోనూ కురిసిన వానలకు నగరంలోని లోతట్టు కాలనీలు మునిగినప్పుడు ఇళ్ల ముందు నిలిపిన కార్లూ మునిగాయి. అటువంటి కారును కడిగించి, సీటు కవర్లు మార్చి, పాలిష్ పట్టిస్తే పైకి ఏమీ తెలియదు. నేను మొదట కొన్న కారు ఆ కోవకు చెందినదే. యాభై వేలు తగ్గించారని సంబరపడ్డాను. ఆరు నెలలు తిరగకముందే వైరింగుకు చిలుము పట్టి, ఒకనాడు హెడ్‌లైట్లు, మరొకనాడు పవర్ విండోలు పనిచేయడం మానేశాయి. తగ్గిందనుకున్న డబ్బంతా ఎలక్ట్రీషియన్‌కే పోయింది.

చూడవలసిన పద్ధతి ఇది. ముందు సీటు బెల్టును ఇక రాదనేంత వరకు బయటికి లాగండి. రోజూ వాడే భాగాన్ని అమ్మేవారు శుభ్రం చేయిస్తారు గానీ, చుట్టలోనే ఉండిపోయే చివరి మూరెడు పట్టీని ఎవరూ పట్టించుకోరు. అక్కడ మట్టి గీత గానీ నీటి మరక గానీ కనిపిస్తే ఆ కారును వదిలేయడమే మంచిది. తర్వాత డిక్కీలోని స్టెప్నీని పైకి తీసి ఆ గుంట అడుగున ఒండ్రు ఉందేమో, ముందు సీట్ల పట్టాల బోల్టులకు తుప్పు పట్టిందేమో చూసి, డ్రైవరు కాళ్ల దగ్గరి కార్పెట్ అంచును ఎత్తి వాసన చూడాలి. కారు తలుపు తీయగానే సెంటు ఘాటుగా కొడితే, అది మన మీది మర్యాదతో చల్లింది కాదని నా అనుమానం.

ధర విషయంలో ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లకు మించని పొడవు, 1200 సీసీకి మించని ఇంజిన్ ఉన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, సెస్సు కూడా పోయింది. కాబట్టి అమ్మేవారు తాము అంతకుముందు కొన్న ధరను చూపి బేరం మొదలుపెడితే ఒప్పుకోకుండా, అదే మోడల్ నేటి షోరూం ధర నుంచి లెక్క మొదలుపెట్టండి. ఏపీ 36 (తెలంగాణ ఏర్పడక ముందు వరంగల్ జిల్లా కోడ్) నంబరు ఉన్న కారు 2014 జూన్‌కు ముందు రిజిస్టరైనది గనుక, సొంత కార్లకు ఇచ్చే 15 ఏళ్ల గడువు ఎప్పుడు ముగుస్తుందో ఆర్‌సీలో చూసి, రెన్యువల్ ఖర్చును, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్‌ను ధరలో తగ్గించమని అడగాలి.

కాగితాలు తేలికే. యాజమాన్యం మార్చే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు, అప్పు ఉన్న బండైతే బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం)తో పాటు ఆర్‌సీలో ఆ అప్పు నమోదును తీసేయించే ఫారం 35, పెండింగ్ చలాన్లు లేవన్న నిర్ధారణ చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. బీమాను 14 రోజుల్లోగా మీ పేరుకు మార్పించుకోకపోతే మీ కారుకు జరిగిన నష్టానికి క్లెయిమ్ రావడం కష్టం. మీ పాత కారు అమ్మేసి దీన్ని కొంటున్నట్లయితే, దాని మీద పోగైన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కారుకు కాక మీకే చెందుతుంది; పాత కంపెనీ నుంచి పత్రం తీసుకుంటే కొత్త పాలసీలో సొంత కారు నష్టానికి కట్టే ప్రీమియం 50 శాతం వరకు తగ్గవచ్చు.

ఇక పార్టుల సంగతి. ఆటోనగర్ దుకాణంలో “ఫలానా కారుకు బ్రేక్ ప్యాడ్లు” అని అడిగితే చేతికి ఏది అందితే అది ఇస్తారు. పాత ప్యాడు వెనక రేకు మీద అచ్చుపడిన నంబరును, తయారీదారు పేరును ఫోనులో ఫొటో తీసుకుని వెళ్లడం మేలు. కార్ల కంపెనీలు చాలా పార్టులను తామే తయారుచేయవు. బాష్, వాలియో, లూమాక్స్ వంటి సంస్థలు కార్ల కంపెనీలకు సరఫరా చేస్తూనే సొంత డబ్బాల్లోనూ అమ్ముతాయి, ఆ డబ్బా ధర తరచుగా తక్కువ. పేరు లేని లోకల్ సరుకు సంగతి వేరు. అద్దం, బంపరు, తలుపు వంటివి పాతవి కొన్నా నష్టం లేదు గానీ, బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగుల దగ్గర పాత పార్టు జోలికి వెళ్లకండి. బ్యాటరీ కొనేటప్పుడు పాతది అప్పగిస్తే ధర తగ్గిస్తారు, అడగకుండా వదిలేయవద్దు. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అన్న ఇంగ్లిషు అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి: 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనది. దుకాణంలో ఎంత నిగనిగలాడుతున్నా దానికి కొత్త టైరు ధర చెల్లించకండి.