స్లెడ్జి కుక్కల పందెం – 3వ పాఠం: ముందు ఆపడం నేర్చుకోండి

గత పాఠంలో జట్టులో ఏ కుక్క స్థానం ఏమిటో చూశాం: అందరికన్నా ముందు లీడ్ కుక్కలు, వాటి వెనక జట్టును మలుపు తిప్పే స్వింగ్ కుక్కలు, మధ్యలో టీమ్ కుక్కలు, స్లెడ్జిని, అంటే మంచుమీద జారే బండిని, ఆనుకుని వీల్ కుక్కలు. ఈ పాఠంలో కుక్కలకు పట్టీలు వేసి బండి కదుపుదాం. అయితే అంతకన్నా ముందు ఆపడం రావాలి. కొత్తవాళ్ల చేతికి ఎక్కువ కుక్కలను ఇవ్వరంటే కారణం ఇదే.

ఎడ్లబండికి పగ్గాలుంటాయి, స్లెడ్జికి లేవు. తోలేవారికి, అంటే మషర్‌కు, ఉన్న ఆసరా గొంతు, కాలికింది బ్రేకు. ‘జీ’ అంటే కుడికి, ‘హా’ అంటే ఎడమకు, ‘హైక్’ అంటే కదలండి, ‘వో’ అంటే ఆగండి. ‘ఆన్ బై’ అంటే పక్కనున్నదాన్ని పట్టించుకోకుండా సాగిపొమ్మని. అడవిజంతువు కంటపడితే ఈ మాటే ఆదుకుంటుంది, ఎప్పుడూ కాదనుకోండి: 1985లో, అలాస్కాలో జరిగే సుదూర స్లెడ్జి పందెం ఇడిటరాడ్‌లో, సూజన్ బుచర్ జట్టు మీద మూస్ దుప్పి విరుచుకుపడి రెండు కుక్కలను చంపింది. ఆమె పందెం వదులుకోవాల్సి వచ్చింది.

ఇక పని. మొదట స్లెడ్జిని గట్టి చెట్టుకు తాడుతో కట్టండి. ఒక్క లాగుతో ఊడే ముడి వేయండి. మంచుకొక్కేన్ని, అంటే స్లెడ్జిని కదలకుండా పట్టి ఉంచే లంగరును, కాలితో తొక్కి మంచులో దిగ్గొట్టండి. కుక్కలన్నిటినీ స్లెడ్జికి కలిపే నడి తాడును ముందుకు పరవండి. లీడ్ కుక్కలతో మొదలుపెట్టి వెనక్కి రండి. అవి తాడును బిగువుగా పట్టి నిలిస్తేనే మిగతావి చిక్కుపడవు. పట్టీ తలమీదుగా తొడిగి ముందుకాళ్లు దూర్చాక వేలితో తడిమి చూడండి. లాగే బరువు రొమ్ముఎముక మీద పడాలి, గొంతు మీద కాదు. కుక్క దగ్గుతోందంటే పట్టీ తప్పుగా ఉందన్నమాట. తోక మొదట్లో లాగుడు తాడు తగిలిస్తారు. మెడ దగ్గరి సన్న తాడు కుక్కను వరసలో ఉంచడానికే, లాగడానికి కాదు.

ఈలోగా కుక్కలు చెవులు చిల్లులుపడేలా అరుస్తాయి, ఎగురుతాయి. కంగారుపడకండి. ముడి విప్పిన మరుక్షణం అరుపులు ఆగిపోయి, మంచుమీద స్లెడ్జి పట్టాలు జారే చప్పుడొక్కటే మిగులుతుంది. నాకు ఈ క్రీడలో అన్నిటికన్నా నచ్చేది అదే.

‘వో’ అన్నప్పుడల్లా బ్రేకు కూడా తొక్కాలి. ఊరికే అరిస్తే నాలుగు రోజుల్లో ఆ మాటకు విలువ పోతుంది. బండి పూర్తిగా ఆగాకే కొక్కెం దింపండి. గట్టి ఐసు మీద అది పట్టదు, అక్కడ చెట్టే దిక్కు. పడిపోయినా స్లెడ్జి వెనక పట్టుకునే చేతికర్ర మాత్రం వదలకండి. కుక్కలు మీకోసం ఆగవు.

అభ్యాసం: ఐదు ఆజ్ఞలనూ వేర్వేరు స్వరాల్లో పలకండి. ‘వో’ సాగదీసి, లోగొంతుతో, ‘హైక్’ చురుగ్గా.

వచ్చే పాఠం విశ్రాంతి లెక్కల గురించి. ఇడిటరాడ్‌లో ఒక 24 గంటల విరామం, రెండు 8 గంటల విరామాలు తప్పనిసరి. ఆ 24 గంటలు ఎక్కడ తీసుకోవాలో ఎలా తేల్చుకుంటారో చూద్దాం.