స్పీడ్ టెస్ట్ బ్రహ్మాండం, బిల్లింగ్ మాత్రం కదలదు

నర్సీపట్నం బ్రాంచ్ నుంచి రోజూ ఒకటే ఫోన్: "సార్, పేజీ తిరుగుతూనే ఉందండీ." స్పీడ్ టెస్ట్ బాగుంది, పింగ్ (సర్వర్ పలుకుతోందో లేదో చూసే పరీక్ష) బాగుంది. చిన్న పేజీలు తెరుచుకుంటున్నాయి, పెద్ద ఫైలు మాత్రం మధ్యలో ఆగిపోతోంది. అంటే ఎంటీయూ (లైన్‌లో ఒక్కసారికి పట్టే అతిపెద్ద డేటా ప్యాకెట్ సైజు) మీదే అనుమానం.

హెడ్డాఫీసు సర్వర్‌కి 'పింగ్ -ఎఫ్ -ఎల్ 1472' కొట్టించాను. 1472 బైట్ల డేటా ఉన్న ప్యాకెట్‌ని ముక్కలు చేయకుండా పంపమని దాని అర్థం. వెళ్లలేదు. తగ్గించుకుంటూ వస్తే 1380 దగ్గర జవాబొచ్చింది. పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే బ్రాడ్‌బ్యాండ్) లైన్‌లో పట్టేదే 1492 బైట్లు. అందులో ఐపీసెక్ వీపీఎన్ (బ్రాంచ్‌కీ హెడ్డాఫీసుకీ మధ్య డేటాని రహస్యంగా పంపే దారి) తొడుగు ఇంకొంత తినేస్తుంది. ప్యాకెట్ పెద్దదైందని చెప్పే ఐసీఎంపీ (నెట్‌వర్క్ పరికరాలు సమస్యలు చెప్పుకునే పద్ధతి) సందేశాన్ని ఫైర్‌వాల్ మింగేస్తోంది, దాంతో సైజు తగ్గించాలని పంపేవైపుకి తెలియట్లేదు. సెక్యూరిటీ పేరుతో ఇలాంటి ఐసీఎంపీ సందేశాలు ఆపేయడం మనవాళ్లకు అలవాటే!

రెండు వైపులా రౌటర్లలో టీసీపీ ఎంఎస్ఎస్ (ఒక్కో ప్యాకెట్‌లో మోసే డేటా పరిమితి) 1350కి పెట్టాను. ఇది కొత్త కనెక్షన్లకే వర్తిస్తుంది కాబట్టి అందరిచేతా బ్రౌజర్లు మూయించి మళ్లీ తెరిపించాను. బిల్లింగ్ పరుగెత్తింది.