మనాంగ్ వెళ్లేవాళ్లు పైదారి పట్టండి
నేపాల్‌లో అన్నపూర్ణ సర్క్యూట్ ట్రెక్ ప్లాన్ చేస్తున్నవాళ్లకి ఒక మాట, పిసాంగ్ నుంచి మనాంగ్‌కి కింద జీపు రోడ్డు ఈజీగా ఉందని అటు పోకండి, అప్పర్ పిసాంగ్ నుంచి ఘ్యారు, న్గావల్ ఊళ్ల మీదుగా వెళ్లండి. ఘ్యారు ఎక్కేదారి బాగా నిటారు, మెలికలు తిరుగుతూనే ఉంటుంది, ఆయాసం లేకుండా మాట్లాడగలిగేంత స్లోగా ఎక్కితే చాలు, బాటిళ్లు మాత్రం కిందే నింపుకోండి. పైకెళ్లాక ఎదురుగా అన్నపూర్ణ 2 శిఖరం కనిపిస్తే అబ్బా, ఆ కష్టమంతా మర్చిపోతారు! అసలు విషయం ఏంటంటే ఆ రెండు ఊళ్లూ 3,600 మీటర్ల పైనే, మనాంగ్ 3,540, కాబట్టి ఆ రెండు ఊళ్లలో ఒకదాంట్లో ఒక రాత్రి పడుకుంటే ఒంటికి ఎత్తు అలవాటవుతుంది, ముందుముందు 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమ దాటాలి కదా. తలనొప్పి, వాంతులు ఉంటే పైకి అస్సలు వెళ్లొద్దు, తగ్గకపోతే కిందికి దిగిపోండి.