గిరిజన డిగ్రీధారులూ, సీజీఎల్‌కు సర్టిఫికెట్లు ముందే సిద్ధం చేసుకోండి

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం డిగ్రీధారులకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే సీజీఎల్ (కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవెల్) పరీక్షలో ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్, వయసులో 5 ఏళ్ల సడలింపు ఉన్నాయి. అంటే 30 ఏళ్ల పరిమితి ఉన్న పోస్టుకు 35 దాకా అవకాశం. దరఖాస్తు రుసుము 100 రూపాయలు కట్టక్కర్లేదు.

పరీక్షలో నెగ్గినవాళ్లు కూడా తడబడేది కుల ధ్రువపత్రం దగ్గరే. మీసేవలో వచ్చే రాష్ట్ర నమూనాతో సరిపెట్టుకోవద్దు. నోటిఫికేషన్ చివర అనుబంధంలో కేంద్ర నమూనా ఉంటుంది, దాన్ని ప్రింటు తీసి రెవెన్యూ కార్యాలయానికి పట్టుకెళ్లండి. తహసీల్దారు స్థాయికి తగ్గని అధికారి సంతకం, ముద్ర, తేదీ ఉండాలి. తెగ పేరు, 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వు ప్రస్తావన అక్కడే సరిచూసుకోండి. హోదా సొంత రాష్ట్రాన్ని బట్టే ఉంటుంది: లంబాడాలు తెలంగాణలో ఎస్టీలు, కర్ణాటకలో ఎస్సీలు.

రిజిస్ట్రేషన్‌లో పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే కొట్టండి. మెమోలో ఇంటిపేరు పొట్టి అక్షరంగా ఉండి ఆధార్‌లో పూర్తిగా ఉంటే, ముందు ఆధార్ సరిచేయించుకోండి.

డిగ్రీ ఫలితం నోటిఫికేషన్‌లోని గడువు తేదీలోపే వచ్చి ఉండాలి. ప్రొవిజనల్ సర్టిఫికెట్ మీద తేదీ చూసుకోండి.

టైర్-1లో, అంటే తొలి దశ పరీక్షలో, గంటకు 100 ప్రశ్నలు, 200 మార్కులు. తప్పుకు అర మార్కు పోతుంది. ఎస్టీల కనీస అర్హత 20 శాతమే, కానీ తర్వాతి దశకు ఎంపికయ్యే కటాఫ్ మార్కు వేరు. 40 మార్కులతో ఆగిపోవద్దు. ప్రశ్నపత్రం తెలుగులో ఉండదు, ఇంగ్లిష్ లేదా హిందీలోనే రాయాలి.