మాతృ వందన డబ్బు ఏ ఖాతాలో పడుతుందో ముందు చూసుకోండి

మొన్న విజయవాడ సింగ్ నగర్‌లో జిరాక్స్ కోసం ఒక నెట్ సెంటర్‌కి వెళ్తే, కడుపుతో ఉన్న ఒకమ్మాయి కౌంటర్ మీద ఐదు వందల నోటు పెట్టి నిలబడి ఉంది. తొలి కాన్పు, ఐదో నెల. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చారు, భర్త అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్. దేనికమ్మా అంటే "అయిదు వేలు ఇస్తారంట కదన్నా, దానికి అప్లై చేయిస్తన్నాను" అంది. దానికి రూపాయి ఫీజు లేదు. ఆ సంగతి నోటు అందుకుంటున్న ఆయనకీ తెలుసు.

ఆమె చెప్పింది ప్రధానమంత్రి మాతృ వందన యోజన గురించి. మొదటి కాన్పుకి 5,000 రూపాయలు, రెండు విడతలుగా. గర్భం నమోదై, ఆఖరి నెలసరి నుంచి ఆరు నెలల్లోపు ఒక్క చెకప్ అయినా జరిగితే 3,000. బిడ్డ పుట్టాక, జనన నమోదూ మొదటి విడత టీకాలూ పూర్తయితే 2,000. రేషన్ కార్డు, ఈ-శ్రమ్ (అసంఘటిత కార్మికులకిచ్చే కార్డు), ఉపాధి హామీ జాబ్ కార్డు, ఆయుష్మాన్ కార్డు, ఎస్సీ ఎస్టీ సర్టిఫికెట్, 8 లక్షల లోపు ఆదాయ ధ్రువీకరణ, వీటిలో ఏదో ఒకటి చాలు. వలస వచ్చినవాళ్ళు చాలామంది రేషన్ కార్డు అత్తగారి దగ్గరే ఊళ్ళో ఉండిపోయిందని ఊరుకుంటారు, ఈ-శ్రమ్ కార్డు ఉన్నా పని జరుగుతుంది. గవర్నమెంటు ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకి మాత్రం ఇది లేదు.

ఆధార్, తల్లీబిడ్డల కార్డు, ఫోన్ పట్టుకుని మీ వార్డు ఆశా దగ్గరికో ఏఎన్ఎం దగ్గరికో వెళ్ళండి, వాళ్ళే ఎక్కిస్తారు. పేరు ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే రాయించండి. పుట్టింటి ఇంటిపేరే ఉందని కంగారుపడి ఇప్పుడు మార్పించడానికి పరుగెత్తకండి. పురిటికి పుట్టింటికి వెళ్ళేటప్పుడు తల్లీబిడ్డల కార్డు మర్చిపోవద్దు, టీకాల వివరాలన్నీ అందులోనే ఉంటాయి.

ఇంతవరకు ఎవరికీ ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా బ్యాంకు దగ్గరే.

ఈ డబ్బు మీరు పాస్‌బుక్ జిరాక్స్ ఇచ్చిన ఖాతాలో పడుతుందని అనుకుంటారు. కాదు, మీ ఆధార్ నంబర్ మీద వస్తుంది. ఆ ఆధార్ సర్కారు డబ్బుల కోసం చివరిసారి ఏ బ్యాంకుతో ముడిపడిందో అక్కడికి పోతుంది, మీకు నాలుగు ఖాతాలున్నా సరే. బ్యాంకులో అడిగితే "ఆధార్ లింక్ అయిందమ్మా" అంటారు, వాళ్ళు చెప్పేది కేవైసీ గురించి, అంటే ఖాతా మీదేనని రుజువు చేసే కాగితాల గురించి. మనకి కావాల్సింది ఎన్‌పీసీఐ మ్యాపింగ్, అంటే సర్కారు డబ్బు ఏ బ్యాంకుకి పోవాలో ఆధార్‌కి వేసే ముడి, ఆ మాటే వాడి అడగండి. అడిగేముందు మీరే చూసుకోవచ్చు: మై ఆధార్ సైట్‌లో ఓటీపీతో లాగిన్ అయితే బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, అందులో బ్యాంకు పేరు, యాక్టివ్‌గా ఉందో లేదో కనిపిస్తుంది. ఆ ఓటీపీ ఎవరికీ చెప్పకండి, సాయం చేసేవాళ్ళకైనా సరే. అక్కడ మీరు వాడని బ్యాంకు కనిపిస్తే, వాడే బ్యాంకులో మ్యాపింగ్‌కి ఒప్పుకుంటున్నట్టు ఫారం రాసిచ్చి, కొన్ని రోజులాగి మళ్ళీ చూడండి. బ్యాంకు చుట్టూ తిరగలేకపోతే పోస్ట్‌మ్యాన్‌ని అడగండి, పోస్టల్ పేమెంట్స్ బ్యాంకు ఖాతా ఇంటి దగ్గరే వేలిముద్రతో తెరుస్తారు. భర్త ఖాతా ఇస్తామంటే కుదరదు. ఇప్పటికే డబ్బు పాత ఖాతాకి వెళ్ళిపోయిందా, టెన్షన్ పడకండి, అది మీ పేరు మీదే ఉంది, ఆ బ్యాంకుకి వెళ్ళి తీసుకోవచ్చు.

రెండో కాన్పు సంగతి వేరు. ఆడపిల్ల పుడితే 6,000 ఒకేసారి ఇస్తారు, 2022 ఏప్రిల్ 1 నుంచి ఉంది ఇది. కవలలు పుట్టి అందులో ఒక్కరు ఆడపిల్ల అయినా వస్తుంది. కాకపోతే గర్భం ఉన్నప్పుడే నమోదు చేయించుకుని ఉండాలి. "ఆడపిల్ల పుడితే కదా, అప్పుడు చూద్దాం" అని ఆగినవాళ్ళు బిడ్డని ఎత్తుకుని వెళ్ళినా ఉత్త చేతులతోనే తిరిగొస్తారు. ఎవరు పుడతారో ముందు తెలుసుకోవడం ఎలాగూ నేరం, కాబట్టి రెండో కాన్పు అనగానే వెళ్ళి రాయించేయండి.

మూడో కాన్పుకి వస్తుందా అని అడుగుతున్నారు. రాదు. ఆ అనుమానం ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో నిలబడకూడదన్న రూలుని మన రాష్ట్రం 2024లో ఎత్తేసింది, ముఖ్యమంత్రే ఎక్కువమందిని కనమంటున్నారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దగ్గర ఒక్కో మహిళకి సగటున 1.7 మంది పిల్లలని తేలింది, జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి, కాబట్టి వాళ్ళ బెంగ వాళ్ళది. కానీ మాతృ వందన కేంద్రం స్కీము, దాని లెక్క రెండో బిడ్డతో ఆగిపోతుంది.

ఆ రోజు ఆ అమ్మాయి ఫోన్‌లోనే స్టేటస్ చూశాం. పలాసలో కాలేజీ స్కాలర్‌షిప్ కోసం తెరిచిన ఖాతా ఉన్న బ్యాంకు కనిపించింది. పెళ్ళయ్యాక దాని మొహం చూడలేదట, ఏటీఎం కార్డు కూడా ఎక్కడో పోయింది. పోస్టాఫీసుకి వెళ్తానంది. నోటు వెనక్కి అడిగితే, జిరాక్సులకని ఇరవై పట్టుకుని మిగతా నాలుగు వందల ఎనభై ఇచ్చాడు.