గాయపడిన క్వార్టర్‌బ్యాక్‌ను ఆడించాలా, వద్దా: తేల్చుకోవడం ఎలా

అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాదాపు ప్రతి ఎత్తుగడా క్వార్టర్‌బ్యాక్ చేతికి బంతి అందడంతోనే మొదలవుతుంది. అందుకే అతని చీలమండ బెణికిందంటే ఆ వారమంతా అభిమానులకు వేరే ధ్యాస ఉండదు, కోచ్ మాత్రం పెదవి విప్పడు. అతను ఆడతాడా అన్నది ఒక ప్రశ్న, ఆడాలా అన్నది మరొక ప్రశ్న. ఈ రెంటినీ కలిపేయకుండా విడివిడిగా చూడాలి.

మొదటి ప్రశ్నకు ఇంజురీ రిపోర్ట్ చదవండి. అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆదివారం ఆట ఉన్న జట్టు, గాయపడిన ప్రతి ఆటగాడూ బుధ, గురు, శుక్రవారాల ప్రాక్టీసులో పూర్తిగా పాల్గొన్నాడో, కొంతమేరకే పాల్గొన్నాడో, అసలు పాల్గొనలేదో ప్రకటించాలి. శుక్రవారం నాడు దానికి మరో మాట చేరుతుంది: 'ఔట్' అంటే ఆడడు, 'డౌట్‌ఫుల్' అంటే ఆడే అవకాశం తక్కువ, 'క్వశ్చనబుల్' అంటే ఎటూ తేలలేదు. వీటిలో 'కొంతమేరకు' అన్న మాట మీద ఎక్కువ ఆధారపడకండి, ఎందుకంటే రోజూ చేసే సాధనలో కాస్త తగ్గినా, చాలావరకు తగ్గినా దానికి అదే పేరు. మూడు రోజుల వరస ముఖ్యం. బుధవారం మానేసి శుక్రవారం పూర్తిగా పాల్గొన్నవాడు కోలుకుంటున్నాడు. బుధవారం కొంత చేసి శుక్రవారం మానేశాడంటే ఏదో తేడా వచ్చిందనుకోవాలి. ఆటకు 90 నిమిషాల ముందు వచ్చే, ఆడనివారి జాబితాతో సందేహం తీరిపోతుంది. కాలేజీ ఆటలో దేశమంతటికీ ఒకే రిపోర్టు లేదు. కాలేజీ జట్ల కూటములైన బిగ్ టెన్ 2023లో, ఎస్‌ఈసీ 2024లో తమ జట్ల వరకు మొదలుపెట్టాయి.

కోచ్ ఎందుకు దాస్తాడో తెలిస్తే అతని మౌనం అర్థమవుతుంది. ఎవరు ఆడతారో తెలియని ప్రత్యర్థి ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లకు సిద్ధపడాలి, ఉన్న నాలుగు రోజులనూ రెండుగా పంచుకోవాలి. నొప్పి ఎడమ పక్కటెముకలో ఉందని తెలిస్తే దెబ్బ అక్కడే పడుతుందన్న భయమూ ఉంటుంది. ఈ మేరకు దాపరికాన్ని నేను తప్పుపట్టను. అయితే దానికి హద్దు ఉంది. 1946 ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్‌కు ముందు న్యూయార్క్ జెయింట్స్ ఆటగాళ్లకు లంచం ఇవ్వజూపిన సంగతి బయటపడ్డాక, లీగ్ కమిషనర్ బెర్ట్ బెల్ మరుసటి ఏడాది నుంచి గాయాల వివరాలు ప్రకటించే పద్ధతి తెచ్చాడు. లోపలి కబురు జూదగాళ్లకు మాత్రమే అందకూడదన్నది దాని ఉద్దేశం. 2018లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో పందేలను చట్టబద్ధం చేసుకునే వీలు రాష్ట్రాలకు కలిగాక ఆ కబురు విలువ ఇంకా పెరిగింది. 2008 సీజన్ చివరి వారాల్లో తమ క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ చేతికున్న గాయాన్ని రిపోర్టులో చూపనందుకు న్యూయార్క్ జెట్స్‌కు 75,000 డాలర్లు, అప్పటి కోచ్‌కు, జనరల్ మేనేజర్‌కు చెరో 25,000 డాలర్లు జరిమానా పడింది. దాచి సాధించిందేమీ లేదు: 8 గెలుపులు, 3 ఓటములతో ఉన్న ఆ జట్టు 9–7తో సీజన్ ముగించింది.

ఇక ఆడాలా అన్న ప్రశ్న. దీనికి మూడు చిన్న ప్రశ్నలు వేసుకోవాలి, అదీ ఈ వరసలోనే. ఆడితే గాయం ముదురుతుందా? మీదికి దూకేవారి నుంచి తప్పుకోగలడా? బంతి సరిగా విసరగలడా? చాలామంది మూడోదానితో మొదలుపెడతారు, వార్మప్‌లో నాలుగు మంచి త్రోలు పడగానే సరిపోయిందనుకుంటారు. 2023 జనవరిలో చీలమండ పైభాగం బెణికిన కాన్సాస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ కుంటుతూనే ఆడి, ఫిబ్రవరి 12న లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాడు. దాన్ని చూసి ప్రతి గాయాన్నీ ఓర్చుకోవచ్చనుకోకూడదు. నొప్పి ఎలా తగ్గిందో కూడా అడగాలి. 2020 సెప్టెంబరు 20న లాస్ ఏంజెలిస్ చార్జర్స్ క్వార్టర్‌బ్యాక్ టైరాడ్ టేలర్‌కు పక్కటెముకల నొప్పి తెలియకుండా ఆటకు ముందు ఇచ్చిన ఇంజెక్షన్ సూది ఊపిరితిత్తికి గుచ్చుకుంది. నొప్పి తెలియకపోవడం వేరు, గాయం మానడం వేరు.

మోకాలి విషయంలో వాషింగ్టన్ జట్టు క్వార్టర్‌బ్యాక్ రాబర్ట్ గ్రిఫిన్ ఉదంతం గుర్తుంచుకోండి. 2012 డిసెంబరు 9న అతని కుడి మోకాలికి దెబ్బ తగిలింది. ఆ రోజు డాక్టర్ జేమ్స్ ఆండ్రూస్ సరేనన్నాకే అతన్ని మళ్లీ మైదానంలోకి పంపామని కోచ్ మైక్ షానహాన్ చెప్పాడు. తాను అప్పుడు పరీక్షించనే లేదని ఆండ్రూస్ తరువాత ఒక పత్రికకు చెప్పారు. 2013 జనవరి 6న సియాటిల్‌తో జరిగిన ప్లేఆఫ్ ఆట మొదటి క్వార్టర్లోనే అదే కాలు మెలిపడింది. వాషింగ్టన్ 14–0 ఆధిక్యంలో ఉంది, డిసెంబరులోనే క్లీవ్‌లాండ్‌ను ఓడించిన రెండో క్వార్టర్‌బ్యాక్ కర్క్ కజిన్స్ పక్కన సిద్ధంగా ఉన్నాడు. అయినా తనను నమ్మమన్న గ్రిఫిన్ మాట మీద కోచ్ అతన్నే కొనసాగించాడు. నాలుగో క్వార్టర్లో గురితప్పి వచ్చిన బంతిని అందుకోబోతుండగా, ఎవరూ తాకకుండానే, ఆ మోకాలు పక్కకు ఒరిగిపోయింది. జట్టు 24–14తో ఓడింది, రెండు లిగమెంట్లకు శస్త్రచికిత్స జరిగింది. ఆడాలనే తపనతో ఉన్న 22 ఏళ్ల కుర్రవాడిని ఆడగలవా అని అడగడం పరీక్ష కాదు. ఆ భారం అతని మీద వేయకూడదు.

తలకు దెబ్బ తగిలితే పై మూడు ప్రశ్నలతో పనే లేదు, ఆ రోజుకు ఆట ముగిసినట్టే. 2022 సెప్టెంబరు 25న మయామీ క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా తల నేలకు తగిలింది. లేచి, తల విదిలించుకుని, నాలుగడుగులు వేసి తూలిపడబోతే సహచరులు పట్టుకున్నారు. అది వెన్నునొప్పి వల్ల అని చెప్పి రెండో సగంలో ఆడించారు. నాలుగు రోజుల తరువాత సిన్సినాటిలో మళ్లీ తల నేలకు కొట్టుకోగా, వేళ్లు కొంకర్లు పోయిన అతన్ని స్ట్రెచర్ మీద తీసుకెళ్లడం దేశమంతా చూసింది. ఆ అక్టోబరులో, అలా తూలిన ఆటగాడిని ఆ రోజు మళ్లీ ఆడించకూడదని నిబంధన మార్చారు. ఇప్పుడు కంకషన్ (తలకు తగిలిన దెబ్బతో మెదడు అదిరిపోవడం) తరువాత అయిదు దశలు దాటి, జట్టుతో సంబంధం లేని నరాల వైద్య నిపుణుడు కూడా ఒప్పుకుంటేనే ఆటకు అనుమతి. కాబట్టి కోచ్ మాట్లాడనప్పుడు, ఆ సంగతి ఎవరి దగ్గర దాస్తున్నాడో చూడండి. ప్రత్యర్థి దగ్గర దాస్తే అది వ్యూహం. డాక్టర్ దగ్గరా, ఆటగాడి దగ్గరా దాస్తే, ఎంత పెద్ద ఆటైనా సరే, ఆ మౌనాన్ని సమర్థించకూడదు.

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు స్కూలు జట్లలో ఆడుతున్నప్పుడు ఇది మరీ దగ్గరి విషయం. అక్కడ ఇంజురీ రిపోర్టులు ఉండవు, కోచ్ మాటే వేదం. 2006లో తలకు దెబ్బ తగిలాక కూడా ఆడి కుప్పకూలిన 13 ఏళ్ల జాకరీ లిస్టెడ్ పేరిట వాషింగ్టన్ రాష్ట్రం 2009లో చట్టం చేసింది. కంకషన్ అనుమానం వస్తే పిల్లవాణ్ని వెంటనే ఆట నుంచి తప్పించాలనీ, లైసెన్సు ఉన్న వైద్య నిపుణుడు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే తిరిగి ఆడించాలనీ దాని సారాంశం. 2014 నాటికి అన్ని రాష్ట్రాలూ ఇలాంటి చట్టాలు తెచ్చుకున్నాయి. సీజన్ మొదట్లోనే అథ్లెటిక్ ట్రైనర్ ఎవరో కనుక్కుని ఫోన్ నంబరు తీసుకోండి. దెబ్బ తగిలిన రాత్రి తలనొప్పి, వాంతి, వెలుతురు చూడలేకపోవడం వంటివి కనిపిస్తే వేళతో సహా రాసిపెట్టి డాక్టరుకు చూపండి. అనుమతి పత్రం మీద ఎవరి సంతకం ఉందో మీ కళ్లతో చూశాకే హెల్మెట్ పిల్లవాడి చేతికివ్వండి.