పీడీ నీళ్లు ఎక్కుతున్నాయి, దిగడం లేదా? ముందు మోషన్ సంగతి చూడండి

"సిస్టర్, బ్యాగ్ ఎక్కింది గానీ దిగడం లేదు." చెన్నైలో పీడీ (పెరిటోనియల్ డయాలసిస్, అంటే పొట్టలో పెట్టిన ట్యూబు ద్వారా బ్యాగ్ నీళ్లు ఎక్కించి, కొన్ని గంటలకు దించేసే డయాలసిస్) నర్సుగా ఇంటింటికీ తిరిగే నాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఫోన్ ఇది. వైద్యం కోసం నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చి పెరంబూరులోనో విల్లివాక్కంలోనో అద్దెకుంటున్న మనవాళ్లు రాత్రి పదకొండుకు ఫోన్ చేస్తే, ఆ భయం గొంతులోనే తెలిసిపోతుంది. ఎక్స్ఛేంజ్ (పాత నీళ్లు దించి కొత్తవి ఎక్కించడం) మీకు వచ్చు కాబట్టి మాస్కు, చేతులు కడుక్కోవడం గురించి మళ్లీ చెప్పను.

ముందు ఒకటి తేల్చుకోండి. అసలు నీళ్లు ఎలా రావడం లేదు?

ఎక్కడమూ నెమ్మదే, దిగడమూ నెమ్మదే అయితే లోపం ట్యూబు దారిలో ఉంది. క్లాంప్ పూర్తిగా తెరిచారా, ట్రాన్స్‌ఫర్ సెట్ (బ్యాగ్ తగిలించే బయటి చిన్న ట్యూబు) ఎక్కడైనా మడత పడిందా, బెల్టు కింద నలిగిందా చూడండి. చొక్కా పైకెత్తి, చర్మంలోంచి ట్యూబు బయటికొచ్చే చోటు నుంచి బ్యాగ్ దాకా వేలితో తడుముతూ రండి. చూశామని ఫోన్లో చెప్పినవాళ్ల ఇంటికి వెళ్తే, లుంగీ ముడి కింద మడత పడిన ట్యూబు నాకు ఎన్నోసార్లు దొరికింది. డ్రెయిన్ బ్యాగ్ నేల మీద, పొట్టకు బాగా దిగువన ఉండాలి. నీళ్లలో సేమియా ముక్కల్లాంటి తెల్ల పోగులు కనిపిస్తే అది ఫైబ్రిన్ అనే ప్రోటీన్, ట్యూబుకు అడ్డుపడుతుంది. బ్యాగ్‌లో హెపారిన్ (గడ్డకట్టకుండా చేసే మందు) కలపాలో వద్దో మీ పీడీ యూనిట్ చెబుతుంది, మీరుగా కలపొద్దు.

ఇరవై నిమిషాల్లో గలగలా దిగిపోయింది, కాటా మీద మాత్రం తక్కువ తూగింది అంటే ట్యూబు తప్పు కాదు. బ్యాగ్‌లో చక్కెర శాతం, నీళ్లు లోపల ఉంచిన గంటలు, పొట్టలోపలి పొర పనితీరు, ఇవి డాక్టరు చూడాల్సినవి. రాసుకున్న చార్టు పట్టుకుని వెళ్లండి.

ఇక మూడోది: బాగానే ఎక్కుతుంది, దిగేటప్పుడే చుక్కలు చుక్కలుగా వస్తుంది. ఇదే మనల్ని తప్పుదారి పట్టించేది.

క్యాథెటర్ (పొట్టలో పెట్టిన ట్యూబు) కొస పొత్తికడుపు అడుగున, పెద్దపేగు చివరి భాగం పక్కనే ఉంటుంది. ఆ కొసకు చుట్టూ చిన్న రంధ్రాలుంటాయి. పేగు మలంతో నిండి ఉబ్బితే ఆ రంధ్రాలకు ఆనుకుని మూసేస్తుంది, ఒక్కోసారి కొసనే పైకి నెట్టేస్తుంది. నీళ్లు లోపలికి పోయేటప్పుడు ఆ ఒత్తిడికి పేగు పక్కకు జరుగుతుంది, బయటికి వచ్చేటప్పుడు మళ్లీ అతుక్కుంటుంది. అందుకే ఎక్కుతుంది, దిగదు. ఇలా దిగకపోవడానికి అన్నిటికంటే మామూలు కారణం మలబద్ధకమేనని అంతర్జాతీయ పెరిటోనియల్ డయాలసిస్ సంఘం 2019 మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

ఈ విషయంలో నేనే ఒకసారి దెబ్బతిన్నాను. ఒక పెద్దాయన్ని "మోషన్ అవుతోందా" అని అడిగితే "రోజూ వెళ్తున్నానమ్మా" అన్నారు. నమ్మాను. పక్కకు తిప్పి పడుకోబెట్టాం, నడిపించాం, హెపారిన్ వేశాం. క్యాథెటర్ సరిచేయడానికి ఆపరేషన్ తేదీ కూడా పెట్టేశారు. పొట్ట ఎక్స్‌రేలో మాత్రం ఎడమవైపు పేగంతా మలంతో నిండిపోయి ఉంది. డాక్టరు లాక్టులోజ్ అనే విరేచనం మందు రాశారు. మూడో రోజు బ్యాగ్ ఎప్పటిలా నిండింది, ఆపరేషన్ రద్దయింది. రోజూ కాస్తంత, అదీ గట్టిగా వెళ్లినా "రోజూ వెళ్లినట్టే" కదా! అప్పటి నుంచి ఎలా అవుతోంది, ఎంత అవుతోంది, ముక్కాల్సి వస్తోందా అని విడమరిచి అడుగుతున్నాను. గడ్డకట్టిన మలం పక్కనుంచి నీళ్ల విరేచనం జారుతున్నా లోపల పేగు నిండే ఉండవచ్చు.

కిడ్నీ రోగులకు మలబద్ధకం ఊరికే రాదు. ఫాస్ఫరస్ తగ్గించే బిళ్లలు, ఐరన్ బిళ్లలు పేగును బిగిస్తాయి. నీళ్లు కొలిచి తాగుతారు. ఇంకొకటి ఇళ్లలో చూస్తుంటాను: ఇదివరకు హిమోడయాలసిస్ (మెషిన్ మీద రక్తం శుభ్రం చేసే డయాలసిస్) చేయించుకున్నప్పుడు చెప్పిన పథ్యమే ఇప్పటికీ నడుస్తుంటుంది. పొటాషియం పెరగకూడదని కూరగాయలు ఉడికించి నీళ్లు పారబోయడం, పండు ముట్టకపోవడం. పీడీలో చాలామందికి పొటాషియం ఎక్కువ కాదు సరికదా, తక్కువే అవుతుంది. తగ్గితే పేగు కదలిక ఇంకా మందగిస్తుంది. తాజా రిపోర్టు చూపించి ఆకుకూర, పండు ఎంత తినొచ్చో డైటీషియన్‌ని అడగండి.

మందు డాక్టరు చెప్పిందే వాడండి. లాక్టులోజ్ మామూలుగా రాస్తారు. మెడికల్ షాపులో మిల్క్ ఆఫ్ మెగ్నీషియా గానీ ఫాస్ఫేట్ ఎనిమా గానీ కొనొద్దు, మెగ్నీషియం, ఫాస్ఫరస్ బయటికి పంపే కిడ్నీ లేదు మీకు. ఇసబ్‌గోల్‌కు నీళ్లు బాగా కావాలి, కొలిచి తాగేవాళ్లకు అది ఎదురు తిరుగుతుంది.

షుగరు, ప్రోస్టేట్ ఉన్నవాళ్లు డ్రెయిన్‌కి ముందు ఒకసారి మూత్రానికి వెళ్లండి. నిండిన మూత్రాశయం కూడా ఇలాగే అడ్డుపడుతుంది. కొవ్వు పొర క్యాథెటర్‌ని చుట్టేయడం, లోపల అతుకులు లాంటివి మలబద్ధకం కంటే తక్కువ. పేగు ఖాళీ అయ్యాకా దిగకపోతే అప్పుడు డాక్టరు చూస్తారు.

ఎక్కిన 2 లీటర్లు దిగకుండా ఇంకో 2 లీటర్లు మాత్రం ఎక్కించొద్దు. పొట్ట బిగిసి ఊపిరాడకపోయినా, దిగిన నీళ్లు మసకగా ఉన్నా, జ్వరమో కడుపునొప్పో వచ్చినా మోషన్ కోసం చూస్తూ కూర్చోకుండా ఆ బ్యాగ్ పట్టుకుని అప్పుడే ఆసుపత్రికి బయల్దేరండి.